మంచుచిఱుతయు, మందలుగల యిల్లాండ్రును

హిమాలయమనఁగానే మన తెలుఁగు స్త్రీలకు ముందుగా స్ఫురించువాఁడు ప్రవరుఁడు. సిద్ధుఁడిచ్చిన పాదలేపము మంచునకుఁ గరఁగిపోఁగా ఇల్లు చేరు త్రోవ గానక ఆ బ్రాహ్మణుఁడు పడిన పాట్లు మనుచరిత్రము చదివినవారందఱు నెఱిఁగినవే. ప్రవరుఁడు చూచినది సెలయేళ్లును, పూఁదీఁగలును గల చల్లని వాలు. ఆ కొండల వెన్ను దాఁటి యుత్తరమునకుఁ బోయినచో మఱియొక లోకము గలదు. వానమబ్బులు దక్షిణపు వాలుననే తమ బరువు దింపుకొనుటచేత అచ్చట వర్షము మిక్కిలి తక్కువ. చెట్టు కనఁబడుట యరుదు. ఎటు చూచినను ఎండిన రాళ్లు, మంచు, నీలాకాశము. అదియే లడఖు. దానికి దక్షిణమున హిమాచలప్రదేశమునకుఁ జెందిన స్పితిలోయ. ఈ రెండు సీమలలోను ఇరువదియైదేండ్లకుఁ బైగా ఒక విచిత్రమైన యొడంబడిక జరుగుచున్నది. ఒకవైపున గొఱ్ఱెలను మేపుకొని బ్రదుకు సంసారులు, మఱియొకవైపున వారి గొఱ్ఱెలను దిను క్రూరమృగము. ఈ యొడంబడికలో స్త్రీల చేయి మిక్కుటముగా నుండుటచేత మన పత్రికలో దానిని గుఱించి వ్రాయుట యుక్తమని తలఁచితిమి.

ఆ మృగము మంచుచిఱుత. లడఖువారు దీనిని షాన్ అందురు. బూడిదవన్నె దేహము, దానిపై నల్లని గుండ్రని మచ్చలు, గజము పొడవుగల దట్టమైన తోఁక. నిద్రించునపుడు ఆ తోఁకనే శాలువవలె మూఁతికిఁ జుట్టుకొనును. పెద్దపులివలె గర్జింపనేరదు. మనుష్యుని వేఁటాడుట యెఱుఁగదు. రాళ్లనడుమఁ బండుకొన్నచో పది బారల దూరమున నున్నవాఁడును దానిని రాయియే యనుకొనును. సామాన్యముగా సముద్రమట్టమునకు 3,000 మొదలు 5,500 మీటర్ల వఱకుఁ గల యెత్తులలో, ఆసియాఖండమందలి 12 దేశములలో మాత్రమే యిది యున్నది. మన దేశమున 2019 మొదలు 2023 వఱకు జరిగిన మొదటి గణనలో 718 చిఱుతలు గలవని తేలినది; ఆ లెక్క 2024 జనవరిలోఁ బ్రకటింపఁబడినది. అందు 477 ఒక్క లడఖులోనే కలవు. అనఁగా దేశమందలి ప్రతి మూఁడు చిఱుతలలో రెండు ఆ యెండుకొండల సొత్తు.

దీని యాహారము కొండగొఱ్ఱెలు. నీలిఛాయగల భరల్ అనునది యొకటి, పొడవైన వంపుకొమ్ములుగల ఐబెక్సు అను కొండమేఁక యొకటి. ఇవి సమృద్ధిగా దొరకినంతకాలము చిఱుత యూరి పొలిమేరకు రాదని యనుకొనరాదు గాని, తఱచుగా రాదు. చిక్కు వచ్చుట మనుష్యుని మందలు పెరిగి కొండగడ్డియంతయు మేసివేసినపుడే. గడ్డి లేక భరల్ తగ్గును. భరల్ తగ్గఁగా చిఱుత పెంపుడుగొఱ్ఱెను జూచును.

ఇఁక నా యూరివారి సంగతి. వారి పొలములలో యవలును బఠానీలును బండును. ఏఁడాదిలో పైరు నిలుచు నెలలు నాలుగైదు మాత్రమే, తక్కినకాలమంతయు చలి. మేఁకలు, గొఱ్ఱెలు, యాకులు వారి యాస్తి. మన దేవాలయములందు స్వామికి వీచు చామరము ఏ మృగము తోఁకవెండ్రుకలతోఁ జేయఁబడునో ఆ చమరీమృగమే యీ యాకు. కాళిదాసాదులు దాని తోఁకనే వర్ణించిరి గాని, దాని పాలును, వెన్నయు, ఉన్నియు, ఎండిన పేఁడయు లేనిదే ఆ సీమలో నొక్క చలికాలమైనను గడవదని చెప్పినవారు లేరు. పేఁడయే వంటచెఱకు. ఉన్నియే బట్ట. కూఁతురి పెండ్లికిఁ గాని, కుమారుని చదువునకుఁ గాని సొమ్ము కావలసినపుడు అమ్ముకొనునది గొఱ్ఱెనే. మన యిండ్లలో పెట్టెయడుగున దాఁచుకొన్న బంగారు గొలుసువంటిది వారికి మంద.

రాత్రులయందు ఆ మందను రాతిగోడల దొడ్డిలోఁ దోలి తలుపు వేయుదురు. పూర్వపు దొడ్లకు పైకప్పు సరిగా నుండెడిది కాదు. ఉన్నచో నడుమ గాలికై విడిచిన సందొకటి యుండెడిది. చిఱుత ఆ సందున లోపలికి దుముకును. అడవిలోనైనచో ఒక జంతువును బట్టఁగానే తక్కినవి పాఱిపోవును, దాని పనియు నంతటితో ముగియును. దొడ్డిలో పాఱిపోవుటకుఁ జోటు లేదు. బెదరిన గొఱ్ఱెలు చుట్టును దిరుగుచున్నంతసేపు చిఱుతయందలి వేఁటబుద్ధి యణఁగదు. ఆ విధముగా నొక్క రాత్రిలో పదులకొలఁది గొఱ్ఱెలు చచ్చుట కలదు. తెల్లవాఱి యిల్లాలు పాలు పితుకుటకుఁ బోయి తలుపు తీయఁగా లోపల చచ్చిన మందయు, వచ్చిన సందున మరల నెక్కి పోలేక యొక మూల నొదిగియున్న చిఱుతయుఁ గనఁబడును. అప్పుడేమి జరుగునో చెప్పనక్కఱలేదు. ఊరంతయు రాళ్లతోఁ గఱ్ఱలతోఁ జేరును.

వన్యప్రాణి సంరక్షణచట్టము 1972లో వచ్చినది. చిఱుతను జంపుట నేరమని యందు వ్రాసియున్నది. కాని మంచు పడి త్రోవలు మూసికొన్న యూరికి చట్టమెప్పుడు చేరును? నష్టపరిహార మిచ్చు నేర్పాటు సర్కారునకుఁ గలదు. అది యెంతమాత్రము చేరుచుండెనో చారుదత్త మిశ్రా అను పండితుఁడు స్పితిలోని కిబ్బరు ప్రాంతమున మూఁడు గ్రామములలో విచారించి 1997లోఁ బ్రకటించెను. ఆ 80 కుటుంబములవారు 18 నెలలలో తోడేళ్లవలనను చిఱుతలవలనను పోయినవని చెప్పిన పశువులు 189. అనఁగా వారికున్న వానిలో నూటికి 18. సర్కారు ఇచ్చిన పరిహారము ఆ నష్టములో నూటికి మూఁడు వంతులు.

ఈ లెక్క చదివినపుడు మాకు మా వీథిలో పాలమ్ముకొని బ్రదుకు నొక ముసలమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె గేదెను పాము గఱచినపుడు మూఁడుదినములు ఆమె యన్నము ముట్టలేదు. నాలవనాఁడు పుట్టలన్నియుఁ ద్రవ్వించుమని కొడుకును వేధించినది. నాగులచవితికిఁ బాలు పోసిన పుట్టలే అవి. ఆమెను మూఢురాలని నిందించుటకు మాకు నోరు రాలేదు. పట్టణములలోఁ గూర్చుండి జంతుదయను గుఱించి ప్రసంగించువారు, ఆ దయకయ్యెడి వ్యయ మెవరి దొడ్డినుండి పోవుచున్నదో యించుక విచారింపవలెను గదా. ఒకరి కుండలోని పాలతో మనము పుణ్యము గట్టుకొనఁబూనుట న్యాయము గాదు.

ఈ న్యాయమును గుర్తించి పని ప్రారంభించినవారిలో లడఖు బిడ్డఁడగు రించెన్ వాంగ్‌చుక్ ముఖ్యుఁడు. ఆయన పర్వతారోహకుఁడు. చిఱుతలను బహుకాలము పరిశోధించిన అమెరికా పండితుఁడు రాడ్నీ జాక్సనుతోఁ గూడి యూరూర దిరిగి, చిఱుతను గుఱించి కాక ముందు దొడ్లను గుఱించి మాటలాడెను. దొడ్డిపై దూలములు పఱచి ఇనుపవల బిగించుట, సందులేని దిట్టమైన తలుపు పెట్టుట, ఇంతే యుపాయము. వల, దూలములు, తలుపు బయటినుండి వచ్చును. రాయి, మన్ను, కాయకష్టము ఊరివారివి. ఉచితముగా నంతయుఁ గట్టియిచ్చినచో రెండేండ్లకుఁ దలుపు విఱిగిన బాగుచేయువాఁ డుండఁడు. తన చేతులతోఁ గట్టినదానిని తానే కాచుకొనును. గోడకు మన్ను మెత్తిన యిల్లాలికి ఆ గోడ యెచ్చట బలహీనమో తెలియును. ఇట్లు బాగుచేసిన దొడ్డిలో రాత్రి గొఱ్ఱెలు చచ్చుట నిలిచిపోయినది. పగటివేళ మేఁతకుఁ బోయినపుడు అక్కడక్కడ నొకటి పోవుట నేఁటికిని గలదు. దానికి వలయు లేదు, తలుపు లేదు.

ఆ నష్టమునకు మాఱుగా చిఱుతవలన ఇంటికి నాలుగు డబ్బులు వచ్చు మార్గము గావలసివచ్చెను. లడఖులో హెమిస్ జాతీయోద్యానము 1981లో నేర్పడినది. దాని లోపల రుంబక్ అను నొక చిన్న పల్లె గలదు. ఇండ్లు పదికి మించవు. కొండలెక్కు యాత్రికులు ఆ పల్లెమీఁదుగానే పోవుచుండిరి గాని తమ గుడారములు, తమ వంటవాండ్రు, తమ డబ్బాలు తామే తెచ్చుకొనుచుండిరి. వారి గుఱ్ఱములు ఊరి గడ్డి మేసెడివి, వారి చెత్త యూరివారికి మిగిలెడిది. 2002వ సంవత్సరమున వాంగ్‌చుక్ ప్రభృతులు ఆ యిల్లాండ్రతోఁ గూర్చుండి, యాత్రికులు గుడారములలోఁగాక మీ యిండ్లలోనే యెందుకు దిగరాదని యడిగిరి. హోంస్టే యని నేఁ డందఱు ననుచున్నది యదియే. మఱుసటి యేఁట ఈ పనులన్నిటికి నొక ధర్మసంస్థ లేహ్ పట్టణమున స్థాపింపఁబడెను. వాంగ్‌చుక్ 2011లోఁ గీర్తిశేషుఁడయ్యెను. ఆయన నాటిన పద్ధతి యిప్పటికిని లోయలలోఁ బ్రాఁకుచున్నది.

ఈ యేర్పాటులో మాకు మిక్కిలి నచ్చినది వంతు. అతిథి తనకు నచ్చిన యింటికిఁ బోఁగూడదు. వంతు వచ్చిన యింటికే పోవలెను. మేడ గలవారికి నొకటి, మట్టియిల్లు గలవారికి నొకటి యను భేదము లేదు. ఇరుగుపొరుగు కన్నెఱ్ఱలకుఁ దావీయకుండ నుండుటకు ఇంతకన్న మంచి యుపాయము మన పల్లెలలోఁగూడఁ గానము. వచ్చిన సొమ్ములో కొంతభాగము ఊరి యుమ్మడినిధికిఁ బోవును. దానితో చెత్త యెత్తించుట, మొక్కలు నాటుట, త్రోవలు బాగుచేయుట మొదలగునవి జరుగును. తక్కినది యింటియజమానురాలి చేతిలోనే పడును. అతిథికిఁ బెట్టునది ఏదో దొరలవంట గాదు. పిండిముద్దలు కూరలతో నుడికించిన స్క్యూ, తుక్పా అను గంజి, యవలపేలపిండి, ఉప్పును వెన్నయు వేసి చిలికిన తేనీరు. ఉప్పుతేనీరు మొదటిగ్రుక్కకు మన కెట్లుండునో యూహింపవచ్చును. ఐనను ఆ చలిలో రెండవ గిన్నె యడుగనివారు లేరఁట.

లోయత్రోవలలో కొందఱు స్త్రీలు సైన్యమువారు పాఱవేసిన పారాచూటుబట్టతో డేరా వేసి తేనీటియంగళ్లు పెట్టిరి. ప్లాస్టికుసీసాల బాధ తప్పించుటకు కాఁచిన నీళ్లను గూడ నమ్ముదురు. ఆ సొమ్ముతో పిల్లలను లేహ్‌లోని పాఠశాలకుఁ బంపుచున్నారు. ఉపాధ్యాయుని యింట నుండు మాకు ఈ మాట తీపిగా నుండుట సహజము. ఒకప్పుడు మందకు యముఁడైన మృగము అక్షరముల కాధారమయ్యెను. జనవరి మొదలు మార్చి వఱకు భరల్ వెంట చిఱుతయుఁ గ్రిందికి దిగును గనుక, దానిని జూచుటకై యా నడిచలిలోనే యాత్రికులు వత్తురు. పొలము పనిలేని నెలలలో ఈ రాఁబడి వచ్చుట వారికి మఱింత యుపకారము. ఊరి యువకులు దారిచూపు పని చేయుదురు. ఏ గట్టుమీఁద చిఱుత కనఁబడునో వారికన్న నెఱిఁగినవా రెవరు?

కిబ్బరు గ్రామమువారు మఱియొక త్రోవఁ దొక్కిరి. అది 4,200 మీటర్ల యెత్తుననున్న యూరు. 1998లో గ్రామసభవారు మైసూరుపండితులతో మాటలాడి తమ బీళ్లలో సుమారు 5 చదరపు కిలోమీటర్ల నేలను పశువులు త్రొక్కకుండ విడిచిపెట్టిరి. మేఁత పోయినందుకు ఊరికిఁ బరిహార మీయఁబడెను. కాపలాకుఁ గూడ ఊరివారే నియమింపఁబడిరి. కొన్నియేండ్లలో అచ్చట గడ్డి పెరిగి భరల్ మందలు తిరిగివచ్చెను. తరువాత ఆ బీడును మఱింత విస్తరింపఁజేసిరి. చిఱుత కడుపు నింపుటకు దాని సహజాహారమునే పెంచుట దూరాలోచన గాదా!

2002లో వారే పశువుల బీమా నొకదానిని బెట్టుకొనిరి. యాకులు వేసవిలోఁ గాపరి లేకయే కొండలపైఁ దిరుగును గనుక వానికే ప్రమాద మెక్కువ. యజమాని తలకింత యని చందా కట్టును. పశువు పోయినపుడు ఊరి పంచాయతీయే పోయి చూచి, చంపినది మృగమో రోగమో నిర్ణయించి సొమ్మిచ్చును. కచేరీల చుట్టును దిరుగు పని లేదు. అబద్ధ మాడుటకును వీలు లేదు. ఎవరి యాకు ఎప్పుడు దగ్గుచుండెనో ఊరిలో నందఱికిఁ దెలియును.

తోడేలి కథ వేఱు. చిఱుతను జూచి ముచ్చటపడి రొక్కమిచ్చు యాత్రికుఁడు తోడేలికొఱకు రాఁడు. కాఁబట్టి దానిమీఁది పగ యింకను చల్లాఱలేదు. లడఖులో షాంగ్‌దోంగ్ అను తోడేళ్లగోతులు పూర్వకాలమునుండి కలవు. గోతిచుట్టును రాతిగోడ లోపలికి వంగియుండును. లోపల నొక బ్రదికియున్న మేఁకను గట్టుదురు. దుమికిన తోడేలు ఎక్కిరాలేదు. ఊరివారు చుట్టును జేరి రాళ్లు రువ్వి చంపుదురు. బౌద్ధమతస్థులగు వారికి ప్రాణిహింస పాపమని తెలియకపోలేదు. తెలిసియుఁ జేయవలసివచ్చుటయే యందలి దుఃఖము. చుషుల్ గ్రామమువారు 2018లో ఆ గోతుల గోడలలోఁ గొంతభాగము విప్పి, పడిన జంతువు ఎక్కిపోవుటకు మెట్టులవలె త్రోవ చేసిరి. పెద్దలు కట్టిన కట్టడమును బూర్తిగాఁ గూల్చుటకు మన సొప్పక తక్కిన గోడ నుంచిరి. చెంతనే యొక స్తూపమును గట్టి లామాగారిచేఁ బ్రతిష్ఠ చేయించిరి. చంపిన చోటనే ప్రదక్షిణము చేయు నాచార మేర్పడినది. ఈ యాలోచన యే గ్రంథమునుండియు వచ్చినది గాదు.

మంగోలియాదేశపు స్త్రీలను గుఱించి రెండు మాటలు. 1998 మొదలు అచ్చటి కాపరియిల్లాండ్రు ఉన్నితో చాపలు, బొమ్మలు, పాదరక్షలు చేసి సంఘముద్వారా దూరదేశముల కమ్ముచున్నారు. ఊరివారెవరును చిఱుతను జంపమని ఒడంబడిక వ్రాసియిత్తురు. ఏఁడాదియంతయు మాట నిలుపుకొన్నచో నూటికి 20 వంతులు ఎక్కువ సొమ్ము వచ్చును. ఒక్కఁడు తప్పినను అందఱికిఁ బోవును. వేఁటకు బయలుదేరిన భర్తకు గుమ్మములోనే యెదురగు వా రెందఱో యీ నిబంధన చూడఁగానే తెలియును! దీనికి మూలపురుషులలో నొకరగు బయర్‌జర్గల్ అగ్వాంత్సెరెన్ మొదట భాషలు బోధించి, దుబాసిపని చేసిన స్త్రీ. ఆమె కృషివలన 2016లో దక్షిణ గోబీయందు టోస్ట్ కొండలు చిఱుతల రక్షితసీమగా నేర్పడినవి. గనుల త్రవ్వకమునకు వ్యతిరేకముగా నిలువవలసివచ్చుటచేత అది సులభముగా జరిగినది గాదు. 2019లో ఆమెకు గోల్డ్‌మన్ బహుమాన మీయఁబడెను.

మన సీమలోను ఇట్టివి లేకపోలేదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఏఁటేఁట వచ్చు గూడబాతులను, ఎఱ్ఱకాళ్లకొంగలను పుట్టింటికి వచ్చిన యాఁడుబిడ్డలవలె ఊరివారు చూచుకొనుచున్నారు. నల్లమలలో పెద్దపులులకుఁ గాపున్నవారిలో చెంచులు గలరు. అడవి జాడ లెఱిఁగిన వారి కన్ను లేనిదే ఆ కాపుదల సాగదు.

సాయపడవలెనని లడఖునకో స్పితికో పోఁదలఁచు యువతీయువకులకు, ముఖ్యముగా మన పాఠశాలలలోఁ జదివి సెలవులలో నేదైన మంచిపని చేయఁదలఁచువారికి, ఒక మాట. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల యెత్తు. దిగిన రెండుదినములు కదలక విశ్రమింపనిచో తలనొప్పి, వాంతులు, ఊపిరాడకుండుట తప్పవు. ఊరివారు తమ పని మాని మిమ్ము మోసికొని దిగవలసివచ్చును. అది సాయము గాదు. దొడ్డికి రాళ్లు మోయుట, వల బిగించుట, చెత్త యెత్తుట, పిల్లలకుఁ బాఠము చెప్పుట, ఇవి యచ్చటఁ గావలసిన పనులు. ఫొటోలకొఱకే పోవువారు అతిథులుగానే పోయి వంతు వచ్చిన యింట దిగి రొక్క మిచ్చుట మేలు.

ఇంత చేసినను క్రొత్తచిక్కులు వచ్చుచునే యున్నవి. వానిలోఁ బెద్దది కుక్కలు. యాత్రికులును, భోజనశాలలును, సేనాశిబిరములును విసరు నెంగిలిమెతుకులవలన లడఖులోను స్పితిలోను ఊరకుక్కలు మితిమీఱి పెరిగినవి. అవి గుంపులు గట్టి గొఱ్ఱెలను జంపును, భరల్ పిల్లలను దఱుమును, చిఱుత చంపిన వేఁటను గూడ లాగికొనును. కొన్నియూళ్లలో చిఱుతవలనఁ గలుగు నష్టముకన్న కుక్కలవలనఁ గలుగు నష్టమే యెక్కువైనది. చిఱుత పేర వచ్చిన యాత్రికుల యెంగిలియే చిఱుతకుఁ బోటీదారును బెంచినది. కుక్కలకు శస్త్రచికిత్స చేయించుట జరుగుచున్నది గాని, చెత్త యున్నంతకాలము అది యొక కొసను నీళ్లు తోడుచు మఱియొక కొసను నింపుటవంటిది. అతిథుల సంఖ్యకు మితి యుండవలెనని మా యభిప్రాయము. రాఁబడి తగ్గునని కొందఱు భయపడుదురు; ఆ భయమును నిజమైనదే.

ఈ నడుమ కిబ్బరు స్త్రీలు కొందఱు చిఱుతలను లెక్కించు పనియు నేర్చిరి. ఇంటిపని, పొయ్యిపని ముగించి యుదయముననే బయలుదేరి, దళసరి నిలువంగీలు దొడుగుకొని, మంచులో గుట్టలెక్కి, చిఱుత నడచు త్రోవలప్రక్క రాళ్లమధ్య కెమెరాలను అమర్తురు. జంతువు ఎదుటఁ గదలినచో ఆ యంత్రము తానే పటము దీయును. తరువాత నందలి చీటీలను దెచ్చి, కంప్యూటరు ముందుఁ గూర్చుండి, మచ్చలను సరిపోల్చి యీ చిఱుత యా చిఱుత యొకటేనా యని తేల్తురు. మన వ్రేలిముద్రలవలె ప్రతి చిఱుతకు మచ్చలు వేఱు. 2024లో హిమాచలప్రదేశమున జరిగిన గణనలో వారును బాలుపంచుకొనిరి. మునుపటి గణనలో 51గా నున్న యా రాష్ట్రపు చిఱుతల లెక్క ఈ మాఱు 83గాఁ దేలినది. ఆ కెమెరాలు పెట్టినవారిలో మంద గల యిండ్ల స్త్రీలు నున్నారు. ఏ చిఱుత తమ యూరిమీఁదుగా నే నెలలోఁ బోవునో వారిప్పు డెఱుఁగుదురు. ఆ నెలలో దొడ్డితలుపు గడియ నింకొకమాఱు చూచుకొందురు.